రిజర్వేషన్ యాప్‌లో కనపడని బండ్లు

"బెజవాడ నుంచి కైకలూరుకి రైళ్ళే లేవంట కదా, బస్సేనా ఇక?" అని మొన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. రిజర్వేషన్ యాప్‌లో వెతికితే వాడికి కావలసిన టైముకి ఏమీ రాలేదట. ఎలా వస్తుంది, రిజర్వేషన్ లేని పాసింజర్లూ మెములూ (కరెంటుతో నడిచే దగ్గరి దూరం బండ్లు) అందులో చూపించరు కదా. బండ్ల రాకపోకలు చూపించే రైల్వే వాళ్ళ యాప్ ఎన్‌టీఈఎస్‌లో చూడమన్నాను, రెండు నిమిషాల్లో బండి దొరికింది.

మన రాష్ట్రంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళేవాళ్ళు ఇలా ఉన్న బండిని లేదనుకుని బస్సెక్కేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ముందు బండి నంబరు చూడటం అలవాటు చేసుకోండి. 5తో మొదలైతే మామూలు పాసింజరు, 6 అయితే మెము, 7 అయితే డెము, అంటే మెములాంటిదే, డీజిల్‌తో నడిచేది. కోవిడ్ తర్వాత వీటన్నిటికీ ముందు సున్నా పెట్టి స్పెషల్ అన్నారు, 10 రూపాయల కనీస టికెట్టు 30 అయింది, పొలం పనులకి వెళ్ళేవాళ్ళకి అది ఎంత భారమో ఆ పెట్టెల్లో కూర్చుంటేనే తెలుస్తుంది. 2024 ఫిబ్రవరి చివర్లో మళ్ళీ పాత ఛార్జీలు వచ్చాయి, 2025 జనవరి 1 నుంచి సున్నా కూడా పోయింది. దూరం వెళ్ళే పాత పాసింజర్లు కొన్ని మాత్రం ఎక్స్‌ప్రెస్‌లు అయిపోయాయి. మచిలీపట్నం–విశాఖ బండి అలాంటిదే. పాసింజరు టికెట్టుతో ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టెలో ఎక్కితే చెల్లదు, ఫైన్ కట్టాల్సిందే, కాబట్టి కౌంటర్లో ఏ బండికో చెప్పి మరీ తీసుకోండి. 199 కిలోమీటర్ల లోపు టికెట్టయితే తీసుకున్న మూడు గంటల్లోపు, లేదంటే ఆ వైపు వెళ్ళే మొదటి బండికి, ప్రయాణం మొదలుపెట్టాలి.

మా పెద్దమ్మ వాళ్ళది కైకలూరు దగ్గర పల్లెటూరు కాబట్టి చిన్నప్పటి నుంచీ నాకు ఆ లైనే అలవాటు. అప్పట్లో సింగిల్ లైను, ఎదురుబండి వచ్చేదాకా క్రాసింగ్ అని ఎక్కడ పడితే అక్కడ ఆపేసేవాళ్ళు. ఇప్పుడు నరసాపురం, మచిలీపట్నం, నిడదవోలు కొమ్మలతో కలిపి మొత్తం 221 కిలోమీటర్లు డబ్లింగ్ అయి కరెంటు కూడా వచ్చింది, ఆ బాధ చాలావరకు తీరింది. గుడివాడ దాటి మండవల్లి వచ్చేసరికి రెండువైపులా చెరువులే. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు గిర్రున తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటాయి, గట్టు మీద ఒక్కడే మనిషి మేత బస్తా భుజాన వేసుకుని నడుస్తుంటాడు. ఆకివీడులో తడి గోనెపట్టా కప్పిన చేపల సత్తు తట్టలతో ఆడవాళ్ళు ఎక్కుతారు, తలుపు పక్కనే దించుకుని, కారే నీళ్ళు మన కాళ్ళ దాకా రాకుండా పట్టా అంచు మడిచి కూర్చుంటారు. "జరుగమ్మా, చీరకి అంటుతుంది" అని వాళ్ళే మనకి జాగ్రత్త చెబుతారు.

భీమవరం వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, అక్కడ టౌన్ వేరు, జంక్షన్ వేరు, అన్ని బండ్లూ రెండు చోట్లా ఆగవు. ఒకసారి మా పెద్దమ్మని జంక్షన్‌లో ఎక్కిద్దామని తీసుకెళ్తే ఆ బండి టౌన్‌లోనే ఆగేదని అక్కడికెళ్ళాక తెలిసింది, ఆటో ఎక్కి పరుగులు పెట్టినా అందలేదు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ రెండు గంటలు బల్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి స్టేషన్ పేరు పూర్తిగా చదవకుండా ఇంట్లోంచి కదలను.

చూడ్డానికే వెళ్ళేవాళ్ళయితే విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజరు ఉండనే ఉంది, బొర్రా, అరకు దాకా సొరంగాలే సొరంగాలు, అందరికీ తెలిసిందే. నా ఓటు మాత్రం గుంటూరు–నంద్యాల లైనుకే. గిద్దలూరు దాటి దిగువమెట్ట వచ్చిందంటే నల్లమల మొదలు, అక్కడి నుంచి గాజులపల్లి దాకా ఫోన్ పక్కన పెట్టేసి కిటికీ దగ్గర కూర్చోండి. తినడానికి మాత్రం గిద్దలూరులోనే ఏదో ఒకటి కొనేసుకోండి, అడవిలోకి వెళ్ళాక ఏమీ దొరకదు.