సమ్మక్కకు బొమ్మ ఎందుకు లేదు?

మొన్న థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో మా అమ్మాయి ఒక ఆన్‌లైన్ గేమ్‌లో పడింది. దానికి 12 ఏళ్లు. వారం రోజులు కూర్చుని ఆటలో నాణేలు కూడబెట్టి ఒక ఇనప కవచం కొనుక్కుంది. కొనేముందు చూపించిన బొమ్మలో ఆ కవచం మెడ నుంచి మోకాళ్ల దాకా ఉంది. తీరా తన పాత్రకి తొడిగితే పొట్టంతా బయటే, తొడల మీద ఏమీ లేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, తమ్ముడు వేసుకుంటే ఫుల్‌గా ఉంది. నేను వేసుకుంటే సగమే ఉంది. రేటు మాత్రం ఇద్దరికీ ఒకటే."

కోపంగా అనలేదు. లెక్క ఎక్కడ తప్పిందో తెలియనట్టు అడిగింది. నేను స్టవ్ ఆపేసి పక్కన కూర్చున్నాను. ఆడేది ఆడపిల్ల అని వాళ్లు అనుకోలేదు, చూసేది మగపిల్లాడు అనుకుని గీశారు అని చెప్పాను. అంతకంటే మెత్తగా ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఇక్కడ డాలస్‌లో పిల్లల్ని పెంచుతూ బట్టల గురించి మాట్లాడటం నాకెప్పుడూ టెన్షనే. నేను హన్మకొండలో పెరిగాను. చున్నీ సర్దుకో అనే మాట రోజుకు పదిసార్లు విన్నాను. ఆ మాట నా కూతురితో అనకూడదని గట్టిగా అనుకున్నాను. అందుకే ఆ కవచం చూపించి "ఛీ" అనాలనిపించలేదు. తప్పు ఒళ్లు కనబడటంలో లేదు. యుద్ధానికి వెళ్లే మనిషికి యుద్ధానికి పనికొచ్చే బట్ట ఇవ్వకపోవడంలో ఉంది. పొట్ట నిండా కప్పినా సరే, రొమ్ముల ఆకారంలో రెండు ఉబ్బులు చేసిన కవచం కూడా అలాంటిదే. కత్తి దెబ్బ ఆ ఉబ్బుల మీద నుంచి జారి సరిగ్గా గుండెల మధ్యకు వస్తుంది. అసలు కవచానికి మధ్యలో ఉబ్బు పెట్టేదే దెబ్బ పక్కకు జారిపోవాలని. ఇది చెప్పగానే వాళ్ల తమ్ముడు స్టీలు గిన్నె ఛాతీకి పెట్టుకుని, గరిటెతో కొట్టి పరీక్ష చేశాడు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1986లో నింటెండో వాళ్ల మెట్రాయిడ్ వచ్చింది. ఆట పొడుగునా నిండు కవచంలో పోరాడిన శామస్ ఆడమనిషి అని చివర్లో తెలుస్తుంది. వినడానికి ఎంత బాగుంది! కానీ ఆట ఎంత తొందరగా ముగిస్తే ఆమె ఒంటి మీద బట్టలు అంత తగ్గుతాయి. గంటలోపు ముగించిన వాళ్లకి ఈత దుస్తుల్లో కనబడుతుంది. అంత పోరాటం చేసిన మనిషిని చివరికి ఆడినవాళ్లకి బహుమతిగా ఇచ్చేశారు. నాకు దానికంటే బాధ కలిగించేది ఇంకొకటి లేదు.

మారలేదని అనను. 2017లో వచ్చిన హొరైజన్ జీరో డాన్ అనే ఆటలో ఏలోయ్ అనే అమ్మాయి విల్లు పట్టుకుని ఇనప జంతువుల్ని వేటాడుతుంది. చలికి చలి బట్టలు వేసుకుంటుంది. దాని రెండో భాగం బొమ్మలు బయటికొచ్చినప్పుడు ఆమె చెంపల మీద సన్నటి నూగు కనబడిందని కొందరు ఆటగాళ్లు గోల చేశారు. మా అమ్మాయి మాత్రం తెరకి ముక్కు ఆనించి చూసింది. "అమ్మా, ఈమెకి కూడా నాలాగే ఉంది!" నిరుడు స్కూల్ బస్సులో దాని చేతుల మీద వెంట్రుకల్ని చూసి ఎవరో ఏదో అన్నారు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని తిరిగింది. పుట్టినప్పుడు మా అమ్మ నూగు పోవాలని రోజూ శనగపిండి పెట్టి రుద్దేది. నేనూ పక్కన కూర్చుని పాలమీగడ కలిపి ఇచ్చాను. ఆ రోజు తెర ముందు దాని ముఖం చూశాక అది గుర్తొచ్చి చాలా సేపు మాట రాలేదు.

మనవాళ్ల గురించి చెబుదామని రుద్రమదేవితో మొదలుపెట్టాను. మా ఊరి కోటను ఏలిన రాణి. తండ్రి గణపతిదేవుడు ఆమెను రుద్రదేవ మహారాజు అని మగపేరుతో నిలబెట్టాడని చెప్పాను. 1289లో ఆమె పోయిందని నల్లగొండ వైపు చందుపట్ల శాసనంలో ఉందని, ఆమెతోపాటే సేనాని మల్లికార్జున నాయకుడూ పోయాడని చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"అయితే రాజు కావాలంటే అబ్బాయిలా ఉండాలా?"

ఒకచోట సగం కవచం, ఇంకోచోట మగ వేషం. నేను ఆలోచిస్తుండగా వీడియో కాల్‌లో మా అమ్మ అందుకుంది. "సమ్మక్క కత చెప్పినవా బిడ్డా దానికి?"

మేడారం కథ మా అమ్మే చెప్పింది. కరువు పడితే కప్పం కట్టలేమన్నారు కోయలు. ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చిపడింది. వాళ్ల తరఫున పోరాడిన సమ్మక్క కూతురు సారలమ్మ నేలకొరిగింది, కొడుకు జంపన్న సంపెంగ వాగులో పడ్డాడు, అదే ఇప్పుడు జంపన్న వాగు. సమ్మక్క దెబ్బలతోనే పోరాడి చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది. వెతికిన వాళ్లకి పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. ఇప్పటికీ రెండేళ్లకోసారి మాఘ పున్నానికి గుట్ట మీంచి ఆ భరిణెనే గద్దెకు తెస్తారు.

"ప్రతాపరుద్రుడంటే రుద్రమదేవి మనవడు కదా?" అంది మా అమ్మాయి. అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత సమ్మక్క ఎలా ఉంటుందో ఫొటో పంపమని అమ్మమ్మని అడిగింది.

"విగ్రహం లేదు బిడ్డా. తల్లి గుట్టెక్కి పోయింది. కుంకుమే మిగిలింది."

జనవరిలో స్కూల్లో మీకు నచ్చిన వీరుల బొమ్మ గీసుకురమ్మన్నారు. మా అమ్మాయి ఒక గుట్ట గీసింది, చెట్లు గీసింది, కింద వాగు గీసింది. మనిషిని గీయలేదు. గుట్ట కింద పెట్టాల్సిన ఎరుపు తన పెన్సిళ్లలో దొరకలేదట. పూజ గూట్లోంచి కుంకుమ భరిణె తీసుకెళ్లి, వేలు తడి చేసుకుని అద్దింది.