తాళంచెవి చేతికొచ్చింది

మ్యూనిక్ పక్కనే నాకంటూ ఒక గది దొరికింది. పదకొండు చదరపు మీటర్లు. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ మొదట అడిగింది వంటగది గురించే. ఇంట్లో ఉండే నలుగురికీ కలిపి ఒకటే అన్నాను.

అక్టోబరులో తరగతులు మొదలయ్యేనాటికి నాకు ఇల్లు లేదు. విద్యార్థి హాస్టళ్లలో అద్దె తక్కువే, కానీ వంతు రావడానికి సెమిస్టర్లు పడుతుంది. ఏడు వారాలు ఒక తెలుగు అక్క వాళ్ల హాలులో పరుపు వేసుకుని పడుకున్నాను. ఆమె రుణం తీర్చుకోలేను.

ఒకాయన గది చూపించకుండానే అడ్వాన్సు పంపమన్నాడు, తాళంచెవి పోస్టులో వస్తుందన్నాడు. పంపబోతుంటే అక్క ఆపింది. కొత్తగా వచ్చేవాళ్లకు చేతులెత్తి చెబుతున్నాను, కళ్లతో చూడనిదే ఒక్క యూరో కూడా పంపకండి. ఇక్కడి చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు, మూడు వాయిదాల్లో కట్టవచ్చు. ప్రకటనలో ‘కాల్ట్’ అని ఉంటే అందులో నీళ్లు, హీటింగ్ ఖర్చు కలపలేదని అర్థం. యజమాని నివాస ధ్రువీకరణ పత్రం ఇస్తారో లేదో ముందే అడగండి. అది లేనిదే చిరునామా నమోదు కాదు.

నేను చదివే గార్చింగ్ క్యాంపస్‌కు యూ6 మెట్రో నేరుగా వెళ్తుంది, అందుకే ఆ దారిలో అద్దెలు మండిపోతున్నాయి. నా గది మ్యూనిక్ పక్క ఊరు డాహౌలో. ఎస్2 రైలులో మరియన్‌ప్లాట్స్ దాకా వెళ్లి అక్కడ మారాలి. ఫరవాలేదు, దారిలో చదువుకుంటాను.

ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా ఇన్నాళ్లూ సూట్‌కేసులోనే ఉంది. ఈ సాయంత్రం తీసి అలమరలో పెట్టాను.