ఇలియడ్ పక్కన పెట్టుకుని ట్రాయ్ నవలలు: ఇప్పటిదాకా చదివినవి

జనవరి

గ్రీకులు ట్రాయ్ నగరం మీద చేశారని చెప్పుకునే ట్రాయ్ యుద్ధం మీద ఈ కాలపు రచయితలు రాసిన నవలలన్నీ ఈ ఏడాది వరసగా చదవాలని పెట్టుకున్నాను. పద్ధతి ఒక్కటే: ఏ నవల చదువుతున్నా పక్కన ఆ యుద్ధం మీద ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం 'ఇలియడ్' తెరిచి ఉండాలి. నవలలో ఏదైనా ఘట్టం రాగానే అది మూలంలో ఎక్కడుంది, ఎన్ని పంక్తులుంది, అక్కడ ఎవరు మాట్లాడారు, ఎవరికి మాట్లాడే అవకాశమే రాలేదు అని చూసి నోట్సులో రాసుకుంటున్నాను.

ఇలియడ్‌లో 24 సర్గలు, పదిహేను వేల పైచిలుకు పంక్తులు. మొత్తం పూర్తిచేశాకే నవలలు అనుకుంటే ఈ ఏడాది ఇలియడ్‌తోనే అయిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 1, 6, 9, 16, 18, 19, 22, 24 సర్గలు చదువుకుంటే చాలు. బందీగా చిక్కిన బ్రిసేయిస్ కోసం గ్రీకు వీరుడు అకిలీస్, గ్రీకుల సేనాని అగమెమ్నాన్‌ల గొడవ, ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్ భార్యాబిడ్డల దగ్గర సెలవు తీసుకోవడం, అలిగిన అకిలీస్ దగ్గరికి రాయబారం, అతని ప్రాణమిత్రుడు పాట్రోక్లస్ చావు, హెక్టర్ చావు, ట్రాయ్ రాజు ముసలి ప్రయామ్ కొడుకు హెక్టర్ శవం కోసం శత్రువు గుడారానికి వెళ్లడం, అన్నీ వీటిలోనే ఉన్నాయి. రెండో సర్గలో వెయ్యికి పైగా ఓడల జాబితా వస్తుంది, దాన్ని మొదటిసారికి వదిలేయొచ్చు. ఇంకో సంగతి ముందే తెలిసుండాలి. గ్రీకులు దాక్కుని ట్రాయ్‌లోకి దూరిన చెక్క గుర్రం కథ ఇలియడ్‌లో లేదు, అకిలీస్ చనిపోవడమూ లేదు. పదేళ్ల యుద్ధంలో చివరి ఏడాది జరిగిన కొన్ని వారాల కథ అది, హెక్టర్ అంత్యక్రియలతో ఆగిపోతుంది.

ఏ అనువాదం అంటే, ఉచితంగా కావాలంటే శామ్యూల్ బట్లర్ 1898 నాటి వచనం నెట్‌లో దొరుకుతుంది. తేలిగ్గా సాగుతుంది కానీ దేవతలకు రోమన్ పేర్లు వాడాడు. జ్యూస్ అక్కడ జోవ్, హెరా జూనో, అథీనా మినర్వా. గ్రీకు వీరుడు ఒడిస్సియస్ కూడా అక్కడ యులిసిస్. ఈ పేర్ల చీటీ ఒకటి రాసి పుస్తకంలో పెట్టుకోవాలి. కొనగలిగితే ఎమిలీ విల్సన్ 2023 అనువాదం కొనండి. పద్యంలోనే ఉంది, పైకి చదువుకోవడానికి బాగుంటుంది, మ్యాపులూ వివరణలూ వెనక ఉన్నాయి.

ఫిబ్రవరి, మార్చి

మడెలిన్ మిల్లర్ 'ద సాంగ్ ఆఫ్ అకిలీస్' (2011). 2012లో మహిళా రచయితల నవలలకిచ్చే ఆరెంజ్ ప్రైజ్ వచ్చింది. కథ చెప్పేది పాట్రోక్లస్. మొదటి నవలగా ఇదే సరైనది. అతనిదీ అకిలీస్‌దీ చిన్నతనం నుంచి మొదలవుతుంది కాబట్టి ఎవరు ఎవరో కథతోపాటే తెలిసిపోతుంది. ప్రేమకథగా గుండె పిండేస్తుంది, చివరి పేజీలు రెండుసార్లు చదివాను. యుద్ధం మాత్రం ఈ నవలలో కొంచెం దూరంగా, తెర వెనక జరిగినట్టుంటుంది.

ఏప్రిల్, మే

పాట్ బార్కర్ 'ద సైలెన్స్ ఆఫ్ ద గర్ల్స్' (2018). ఇప్పటిదాకా చదివినవాటిలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే, అందుకే దీనిమీద కాస్త ఎక్కువ రాస్తాను.

బార్కర్ మొదటి ప్రపంచ యుద్ధం మీద మూడు నవలలు రాసి, మూడోదానికి 1995లో బుకర్ అందుకున్న రచయిత్రి. గాయపడ్డ సైనికుల గురించి ఆమెకు బాగా తెలుసు. ఇక్కడ కథ ఎక్కువ భాగం బ్రిసేయిస్ చెబుతుంది. ఆమె ఉండే లిర్నెసస్ నగరం గ్రీకుల చేతిలో పడిపోయింది, అకిలీస్ వాటాగా ఆమెను పంచి ఇచ్చారు. గ్రీకు శిబిరం మురికి, ఎలుకలు, మహమ్మారి, ఆస్పత్రి గుడారంలో మూలికలు నూరే పని, ఇవన్నీ వాసనతో సహా తెలుస్తాయి. సైనికులు ఇప్పటి ఇంగ్లండ్ వీధి భాషలో మాట్లాడతారు. మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, కాసేపటికి అలా కాక ఇంకెలా మాట్లాడతారు అనిపిస్తుంది. అత్యాచారాలు సూటిగానే రాసింది. రాత్రి నిద్రకు ముందు చదివే పుస్తకం కాదు, నేను పగటిపూటే చదివాను.

మూలంలో బ్రిసేయిస్ మాట్లాడేది ఒక్కసారే, 19వ సర్గలో, పాట్రోక్లస్ శవం మీద పడి. ఆ విలాపం పదిహేను పంక్తులు కూడా ఉండదు. నగరం ముందు చచ్చిపడిన భర్త, ముగ్గురు అన్నదమ్ములు, ఏడవొద్దు అని ఓదార్చిన పాట్రోక్లస్. అది అయ్యాక హోమర్ ఒక మాట అంటాడు: చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా ఏడ్చారు, పైకి పాట్రోక్లస్ పేరు చెప్పి, నిజానికి ఎవరి దుఃఖానికి వాళ్లు. బార్కర్ నవలంతా ఈ ఒక్క మాటలోంచే మొలిచిందని నా నమ్మకం.

24వ సర్గకు వచ్చేసరికి ప్రయామ్ అకిలీస్ మోకాళ్లు పట్టుకుని, కొడుకును చంపిన చేతుల్ని ముద్దు పెట్టుకుంటాడు. నాకు ముందు భూమ్మీద ఏ మనిషీ ఇలాంటి పని చెయ్యలేదంటాడు. నవలలో బ్రిసేయిస్ ఆ మాట వింటుంది. తన భర్తనూ అన్నదమ్ముల్నీ చంపినవాడి పక్కలో పడుకోక తప్పని ఆడవాళ్లు తనలాంటివాళ్లు ఎందరో ఉన్నారు కదా అనుకుంటుంది. అక్కడ పుస్తకం మూసి మళ్లీ ఇలియడ్ తెరిచాను. అదే సర్గలో, ప్రయామ్‌కు పక్క వేయించి పడుకోబెట్టాక, అకిలీస్ పక్కన బ్రిసేయిస్ పడుకుంది అని ఒక్క పంక్తి ఉంది. కావ్యంలో ఆమె కనిపించడం అదే ఆఖరు. ఆ పంక్తిని ఇదివరకు చదివి కూడా దాటిపోయాను, ఇక దాటిపోలేను.

మనకు ఇది మరీ కొత్త దారి కాదు. స్త్రీపర్వంలో గాంధారి కురుక్షేత్రంలో ఒక్కొక్క శవాన్నీ కృష్ణుడికి చూపిస్తూ ఏడుస్తుంది. సీతను శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలతో మాట్లాడించిన ఓల్గా 'విముక్త' చదివినవాళ్లు బార్కర్ ఏం చేస్తోందో మొదటి అధ్యాయంలోనే పట్టేస్తారు.

జూన్

డేవిడ్ మలూఫ్ 'రాన్సమ్' (2009). ఆస్ట్రేలియా రచయిత. చిన్న పుస్తకం, కావ్యంలోని ఆ 24వ సర్గ ఒక్కటే కథావస్తువు. మూలంలో ప్రయామ్ వెంట కంచరగాడిదల బండి తోలుకుంటూ వెళ్లేది రాజుగారి వార్తాహరుడు ఐడియస్. మలూఫ్ అతన్ని తీసేసి, సంతలో బాడుగకు దొరికిన సోమాక్స్ అనే మామూలు బండివాణ్ని పెట్టాడు. దారిలో ఏటి ఒడ్డున ఆగినప్పుడు సోమాక్స్ రాజును నీళ్లలో కాళ్లు పెట్టుకోమంటాడు, కోడలు కాల్చి కట్టిచ్చిన అట్లు తినమంటాడు, పోయిన తన పిల్లల గురించి చెబుతాడు. యాభైమంది కొడుకులున్న రాజు, తన పిల్లల్ని తను ఎప్పుడైనా ఇంత దగ్గరగా ఎరుగుదునా అని అప్పుడు ఆలోచనలో పడతాడు. యుద్ధ నవలలో నాకిష్టమైన పేజీలు ఒక్క బాణం కూడా పడని ఈ పేజీలే. సమయం లేనివాళ్లు ఇలియడ్ 24వ సర్గ, ఈ నవల, ఈ రెండూ చదివితే చాలు.

జులై

క్రిస్టా వోల్ఫ్ 'కసాండ్రా' (1983), తూర్పు జర్మనీలో ఉన్నప్పుడు రాసింది. అగమెమ్నాన్ నగరం మైసీనీ సింహద్వారం ముందు చావు కోసం ఎదురుచూస్తూ, ప్రయామ్ కూతురు కసాండ్రా తనలో తాను చెప్పుకునేదే నవల. అధ్యాయాల్లేవు, కాలం ముందుకూ వెనక్కూ పోతుంటుంది. ఇది మొదట పట్టుకోకండి. పేర్లన్నీ అలవాటయ్యాక, ఒక పెన్సిలు చేతబట్టుకుని, తక్కువ రోజుల్లో పూర్తిచెయ్యాలి. మధ్యలో ఆపితే దారి తప్పుతాం.

నటలీ హేన్స్ 'ఎ థౌజండ్ షిప్స్' (2019) ఇందుకు పూర్తిగా వేరు. ఒక్కో అధ్యాయం ఒక్కో ఆడమనిషిది, రైల్లో కూడా చదువుకోవచ్చు. ఒడిస్సియస్‌కు భార్య పెనెలొపీ రాసే ఉత్తరాలు బాగున్నాయి. కానీ ఇంతమందిని చూపించే హడావుడిలో ఎవరి దగ్గరా ఎక్కువసేపు కూర్చోనివ్వలేదు.

ఈలోగా నోట్సు పద్ధతి మార్చాను. ఇప్పుడు ఒక్కో స్త్రీకి ఒక పేజీ: పుట్టిన ఊరు, భర్త, పిల్లలు, వాళ్లను చంపింది ఎవరు, పంపకంలో ఎవరి గుడారానికి వెళ్లింది, ఇలియడ్‌లో ఎక్కడ మాట్లాడింది. హెక్టర్ భార్య ఆండ్రొమకీ పేజీ ఇప్పటికే నిండింది. తండ్రినీ ఏడుగురు అన్నదమ్ముల్నీ కూడా అకిలీసే చంపాడని ఆరో సర్గలో ఆమే హెక్టర్‌తో చెబుతుంది.

ఆగస్టు

బార్కర్ రెండో నవల 'ద విమెన్ ఆఫ్ ట్రాయ్' (2021) నడుస్తోంది. ట్రాయ్ తగలబడిపోయింది, గాలి ఎదురు తిరగడంతో గ్రీకు ఓడలు కదలడం లేదు, ప్రయామ్ శవాన్ని పూడ్చనివ్వకుండా అలాగే పడేశారు. బ్రిసేయిస్ కడుపులో అకిలీస్ బిడ్డ. ఇక్కడ ఇలియడ్ సాయపడదు, దాని కథ ఎప్పుడో అయిపోయింది. అందుకని క్రీ.పూ. 415లో ఏథెన్స్‌లో ఆడిన యూరిపిడీస్ నాటకం 'ట్రోజన్ విమెన్' తెచ్చుకున్నాను. దాని ముందటి ఏడాదే ఏథెన్స్ సైన్యం మీలోస్ ద్వీపంలో పట్టుబడిన మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లల్నీ బానిసలుగా అమ్మింది. ఆ నాటకం ముందు చదివి, నవల మిగతా సగం తర్వాత అందుకుంటాను.