యెరూషలేము వెళ్తే పాపాలు పోతాయా? మా పరిశుద్ధ దేశ యాత్ర

జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో దిగి బస్సెక్కి, పాస్టర్ గారు మైకులో ప్రార్థన చేసి కూర్చున్నారో లేదో, వెనక సీట్లోంచి ఒక పెద్దావిడ అడిగేశారు, "అయ్యగారూ, ఇంత దూరం వచ్చాం కదా, ఈ చోట్లన్నీ తిరిగితే మన పాపాలు పోయినట్టేనా?" అని. నరసరావుపేట దగ్గర పల్లె ఆమెది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 60,000 రూపాయల సాయానికి మిగతాది పిల్లలు కలిపి పంపించారంట. బస్సులో ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే లోపల మనందరికీ ఉన్న ప్రశ్నే అది. నదిలో మునిగితే పాపం పోతుంది, కొండెక్కితే పాపం పోతుంది అనే నమ్మకం మన నేల మీద తరతరాలుగా ఉంది, కృష్ణా గోదావరి పుష్కరాలు చూస్తూ పెరిగిన వాళ్ళం, బాప్తిస్మం తీసుకుని ఎన్నేళ్ళైనా ఆ ఆలోచన మన ఇళ్ళల్లోంచి పూర్తిగా పోదు. పాస్టర్ గారు వెంటనే జవాబు చెప్పలేదు, "నెబో కొండ దగ్గర మాట్లాడుకుందాం అమ్మా" అన్నారు.

నెబో కొండ మీద నిలబడితే యొర్దాను లోయ, మృత సముద్రం, అవతల యెరికో వైపు, గాలి తేటగా ఉంటే యెరూషలేము కొండలు కూడా కనిపిస్తాయి. మోషే ఇక్కడి నుంచే, దేవుడు ఇశ్రాయేలు జనానికి ఇస్తానన్న వాగ్దాన దేశాన్ని చూసి, అందులో అడుగు పెట్టకుండానే చనిపోయాడు. నలభై ఏళ్ళు జనాన్ని మోసిన మనిషి, దేవుడితో ముఖాముఖి మాట్లాడిన మనిషి, మెరీబా నీళ్ళ దగ్గర బండతో మాట్లాడమంటే కోపంతో బండని కొట్టాడని ఆ దేశంలోకి వెళ్ళనివ్వలేదు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇది విన్నప్పుడు చాలా అన్యాయం అనిపించేది నాకు, ఆ కొండ మీద నిలబడ్డాక అన్యాయం అనిపించలేదు గానీ భయం వేసింది, మోషే అంతటివాడి మంచితనమే సరిపోకపోతే మన లెక్క ఏంటి అని.

ఆ కొండ మీదే ఇటాలియన్ శిల్పి జొవాన్ని ఫాంతోని చేసిన పెద్ద లోహపు శిల్పం ఉంది, సిలువకి పాము చుట్టుకున్నట్టు ఉంటుంది, సంఖ్యాకాండం 21లోని ఇత్తడి సర్పం అది. అరణ్యంలో పాములు కరిచి జనం చచ్చిపోతుంటే దేవుడు మోషేతో ఒక సర్పం చేసి కర్ర మీద పెట్టమన్నాడు, కరవబడినవాడు దానివైపు చూస్తే బతికాడు, అంతే. పాస్టర్ గారు అక్కడ పెద్దావిడని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తు, "అమ్మా, పాపం అంటే చేతికంటిన మట్టి అయితే కడుక్కోవచ్చు, ఒంట్లోకెక్కిన విషం అయితే ఎంత కడిగినా ఏం లాభం?" మనం పాపం అంటే అబద్ధం, దొంగతనం, వ్యభిచారం అని లిస్ట్ వేసుకుంటాం, లిస్ట్‌లో లేనివాళ్ళం బాగున్నాం అనుకుంటాం, కానీ బైబిల్ చెప్పేది ఆ పనులన్నీ ఎక్కడి నుంచి పుడుతున్నాయో ఆ మూలం గురించి, దేవుడి దగ్గర్నుంచి తప్పుకుని నా బతుకు నా ఇష్టం అన్న ఆ గుణం గురించి. యోహాను 3లో యేసు ఈ సర్పం సంగతి చెప్పి తనూ అలాగే పైకెత్తబడాలి అంటాడు, సిలువ అర్థం కావాలంటే ముందు పాము కాటు అర్థం కావాలి అని నాకు గట్టిగా అనిపించింది.

ఇజ్రాయెల్ బోర్డర్ దాటి గలిలయ వైపు తిరిగినవి ఇంకోసారి రాస్తాను. యెరికో దగ్గర, యేసు బాప్తిస్మం తీసుకున్నాడని చెప్పే కస్ర్ అల్ యహూద్ అనే చోట యొర్దానులో దిగాం. వెళ్ళే దారికి రెండు వైపులా కంచెలు, మందుపాతరల హెచ్చరిక బోర్డులు. నది చాలా చిన్నది, బురద రంగు నీళ్ళు, అవతలి ఒడ్డు జోర్డాన్ దేశం, అక్కడ ప్రార్థన చేసేవాళ్ళ మాటలు కూడా వినిపిస్తాయి. తెల్ల బట్టలేసుకుని అందరూ వరసగా దిగుతుంటే నాకు ఒకటే తలపుకొచ్చింది, బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరకి వచ్చినవాళ్ళంతా తమ పాపాలు ఒప్పుకుంటూ దిగారు, ఒప్పుకోవడానికి ఏ పాపమూ లేని ఒకాయన మాత్రం అదే వరసలో నిలబడ్డాడు. నీళ్ళలో మహిమ ఉండి కాదు, ఆయన మన వరసలోకి వచ్చి నిలబడటమే అక్కడ జరిగిన విషయం. పెద్దావిడ మునిగి లేచి, "నీళ్ళు చల్లగా ఉన్నాయి గానీ మనసు ఇంకా బరువుగానే ఉందయ్యా" అన్నారు. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది.

యెరికో ఊర్లో, పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసుని చూడ్డానికి ఎక్కిందని చూపించే పాత మేడిచెట్టు దగ్గర గైడ్ ఫోటోలకి పది నిమిషాలు ఇచ్చాడు, ఇలాంటి టూర్లలో నాకు నచ్చనిది ఇదే, చర్చి తర్వాత చర్చి పరుగులు పెట్టిస్తారు, ఒక్క చోటైనా కూర్చుని చదువుకోనివ్వాలి. మేం మొండిగా కూర్చుని లూకా 19 చదివాం. జక్కయ్య సగం ఆస్తి పేదలకిస్తా, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తా అన్నది యేసు అతని పేరు పెట్టి పిలిచిన తర్వాత. ముందు పిలుపు, తర్వాత నాలుగింతలు. మనం దీన్ని తిరగేసి చెప్తుంటాం, ముందు మంచివాడివైతే అప్పుడు దేవుడు దగ్గరకి రానిస్తాడని.

అక్కడి నుంచి యెరూషలేముకి బస్సు ఎక్కుతూనే ఉంటుంది, యెరికో సముద్ర మట్టానికి 250 మీటర్లకి పైగా కింద ఉంటే యెరూషలేము దాదాపు 750 మీటర్లు పైన. మధ్యలో అంతా యూదయ అరణ్యం, పచ్చదనం దాదాపు లేదు. లేవీయకాండం 16లో ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలు తెస్తారు కదా, ఒకదాన్ని బలి ఇచ్చి, రెండోదాని తల మీద ప్రధాన యాజకుడు చేతులుంచి జనం పాపాలన్నీ ఒప్పుకుని అరణ్యంలోకి పంపించేస్తారు. కిటికీలోంచి ఆ కొండలు చూస్తుంటే ఆ మేక ఎంత దూరం వెళ్ళి ఉంటుందో అనుకున్నా. ప్రతి ఏడూ మళ్ళీ చేయాలి. మళ్ళీ మేకలు, మళ్ళీ ఒప్పుకోలు.

యెరూషలేములో నన్ను ఎక్కువ కదిలించింది సీయోను కొండ పక్కన ఉన్న గాల్లికాంతు చర్చి, ప్రధాన యాజకుడు కయప ఇల్లు, అంటే సిలువకి ముందు రాత్రి యేసుని బంధించి తీసుకొచ్చిన ఇల్లు ఉన్న చోటని ఒక సంప్రదాయం, పైకప్పు మీద కోడిపుంజు బొమ్మ ఉంటుంది. పక్కనే కెద్రోను లోయ వైపు దిగే పాత రాతి మెట్లు ఉన్నాయి. పేతురు ఎవడు? శిష్యుడిగా మూడేళ్ళు యేసుతో తిరిగినవాడు, నీళ్ళ మీద నడిచినవాడు. యేసుకి అంత దగ్గరగా ఉన్న మనిషే ఆ రాత్రి కోడి కూసేలోపు ఆయనెవరో నాకు తెలియదు అని మూడుసార్లు అన్నాడంటే, ఆ ఊరు వచ్చి ఆ రాళ్ళు ముట్టుకున్న మనం మారిపోతామని ఎలా అనుకుంటాం? అదే రాత్రి యేసుని పట్టిచ్చిన శిష్యుడు యూదా కూడా పడ్డాడు, అతనూ నిరపరాధి రక్తం అప్పగించి పాపం చేశానని ఒప్పుకుని ముప్పై వెండి నాణేలు తిరిగిచ్చేశాడు. కానీ ఆ ఒప్పుకోలు తీసుకెళ్ళింది యాజకుల దగ్గరకి, వాళ్ళు దాంతో మాకేం పని అన్నారు. పేతురు విషయంలో లూకా రాసేది వేరు, ప్రభువు తిరిగి పేతురు వైపు చూశాడు. పశ్చాత్తాపం ఇద్దరిలోనూ ఉంది, యూదా మాత్రం దాన్ని క్షమించగలవాడి దగ్గరకి తీసుకెళ్ళలేదు. ఇది చెప్తుంటే పెద్దావిడ ఏడ్చేశారు, ఎందుకో మేం అడగలేదు.

ఆఖరికి పరిశుద్ధ సమాధి చర్చి. ఈ చర్చి తాళంచెవి తరతరాలుగా ముస్లిం కుటుంబాల దగ్గర ఉంటుంది, రోజూ తలుపు తెరిచేది వాళ్ళ మనుషులే. లోపల కుడివైపు నిటారు మెట్లెక్కితే యేసుని సిలువ వేసిన చోటని చెప్పే గొల్గొతా, బలిపీఠం కింద గుండ్రటి రంధ్రంలో చెయ్యి పెట్టి బండని ముట్టుకోవచ్చు. అక్కడ చాలామంది ఆగిపోతారు, కిందకి దిగితే సరిగ్గా ఆ బండ అడుగున ఆదాము చాపెల్ అని చిన్న గది ఉంది, గాజు వెనక చీలిన రాయి కనిపిస్తుంది. ఆదాము తల అక్కడే పాతిపెట్టారనీ, యేసు రక్తం ఆ చీలికలోంచి దాని మీదకి కారిందనీ సంప్రదాయం. బైబిల్లో ఈ మాట లేదు, చరిత్రగా నేను చెప్పను. కానీ రోమా 5ని ఇంతకంటే బాగా చూపించేది నేనెక్కడా చూడలేదు, ఒక మనిషి ద్వారా పాపం, పాపం ద్వారా మరణం, ఇంకొక మనిషి ద్వారా కృప. తోటలో చెట్ల మధ్య దాక్కున్న ఆదాముని దేవుడు వెతుక్కుంటూ వచ్చి ఎక్కడున్నావని అడిగాడు, ఆ వెతకడం ఇక్కడిదాకా, ఆ బండ కిందిదాకా వచ్చింది. పెద్దావిడ ఆ గాజుకి చెయ్యి ఆనించి పాస్టర్ గారితో అన్నారు, "ఆయన మా ఊరికి వచ్చి కూడా ఇది చేసేవాడు గదయ్యా, నేనే ఇక్కడికి రావక్కర్లా." పాస్టర్ గారు అవునమ్మా అన్నారు, ఇంకేం కలపలేదు.

వెళ్ళేవాళ్ళు పొద్దున్నే చర్చి తెరిచే టైముకి వెళ్ళండి, తర్వాత సమాధి దగ్గర క్యూ చాలా పెరిగిపోతుంది. ఆదాము చాపెల్ చాలామంది గైడ్లు చూపించరు, యేసు దేహాన్ని సమాధికి సిద్ధం చేశారని చెప్పే అభిషేక శిల దగ్గరే గొల్గొతా కిందుగా ఉంటుంది, అడిగి వెళ్ళండి. బయల్దేరేముందు సంఖ్యాకాండం 21, లూకా 19, రోమా 5 ఇంట్లో చదువుకుని వెళ్తే బస్సులో చెప్పాల్సినదాంట్లో సగం గైడ్ చెప్పకపోయినా పర్లేదు.