‘నిద్ర పడుతోందా?’

వైట్‌స్పాట్ తెగులు తగిలి రొయ్య మొత్తం పోయాక మా తమ్ముడు గుంట ఎండగట్టేశాడు. ఇందుకూరుపేట వైపు గుంటలు చేసేవాళ్లకి అది కొత్తేమీ కాదు. కానీ వాడు రాత్రి రెండింటికి లేచి, టార్చి తీసుకుని ఆ ఎండిన గుంట కాడికే పోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు వెనకే వెళ్లాను. గట్టు మీద చెవి ఒగ్గి నిలబడున్నాడు. "ఏరియేటర్ ఆగిపోయిందక్కా, వినపడలా నీకు?" అన్నాడు. గుంట నీళ్లకి గాలి పట్టించే ఆ ఏరియేటర్లు పీకి షెడ్డులో పడేసి అప్పటికే నెలయింది.

గాలి సోకిందన్నారు ఊళ్లో. అమ్మ ఏ.ఎస్.పేట దర్గాకి తీసుకెళ్లి మూడు రాత్రులు నిద్ర చేయించింది. అమ్మను నేను తప్పుపట్టను. వాణ్ణి పిచ్చోడనకుండా పక్కన కూర్చోబెట్టుకున్నది అక్కడివాళ్లే. అయితే ఇంటికొచ్చిన రాత్రే వాడు మళ్లీ గట్టెక్కాడు.

14416 నంబరు ఆశా కార్యకర్త ఇచ్చింది. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడేందుకు 2022లో ప్రభుత్వం పెట్టింది. డబ్బులు పడవు, అర్ధరాత్రయినా తెలుగులోనే మాట్లాడతారు. రెండుసార్లు ఫోన్ కలిపి కట్ చేశాను. మూడోసారి అవతలి ఆమె నిద్ర, తిండి గురించి అడిగి, "చచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాడా?" అంది. నాకు గుండె ఝల్లుమంది. అడిగితే లేని ఆలోచన పుట్టదట, లోపలున్నది బయటికొస్తుందట. ఆ రాత్రే అడిగాను. తల దించుకున్నాడు గానీ కాదనలేదు. షెడ్డులోని పురుగుమందు డబ్బాలు మా ఇంటికి మోసి తాళం వేశాను.

తర్వాత నెల్లూరు పెద్దాసుపత్రి, మానసిక విభాగం ఓపీ. వాడికి ఏం వినపడుతోందో డాక్టరు నవ్వకుండా విన్నాడు. మందు పట్టడానికి రెండు మూడు వారాలు పడుతుందన్నాడు. మేమేమో మత్తుగా ఉంటున్నాడని పదో రోజుకే ఆపేశాం. మళ్లీ టార్చి, మళ్లీ గట్టు. రెండోసారి పోతే మోతాదు మార్చి రాశాడు. "దర్గాకి పోకూడదా సార్?" అనడిగింది అమ్మ. "పోండమ్మా, మాత్రలు మాత్రం ఆపొద్దు" అన్నాడు. అమ్మకి డాక్టరు మీద గురి కుదిరింది ఆ మాటతోనే.

వాడు కుదురుకున్నాక, డ్వాక్రా మీటింగులో ఈ సంగతి చెబుదామనుకున్నాను. "మానసిక ఆరోగ్యం" అని మొదలుపెట్టానో లేదో, ఒకామె కిసుక్కున నవ్వింది. మిగతావాళ్లు పొదుపు పుస్తకాల్లోకి చూపు దించేశారు. ఆ మాట పలికితే ఎవరికి అంటుకుంటుందోనని వాళ్ల భయం. పై నెల ఆ ఊసే ఎత్తలేదు. "ఇళ్లల్లో ఎవరికైనా రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదా?" అని మాత్రం అడిగాను. ఒకరి తర్వాత ఒకరు, కౌలు బాకీ అని, కొడుకు తాగుడు అని, కాన్పయిన కూతురు ఊరికే ఏడుస్తోందని, చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నారు.

మొన్న దీపాల వేళ, ఆ నవ్వినామె గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చింది, పెరుగు తోడు కావాలంటూ. అరగంట కూర్చుంది. కరెంటు బిల్లు వెనక నంబరు రాయించుకుని కొంగున ముడేసుకుంది. గిన్నె మా అరుగు మీదే మర్చిపోయి వెళ్లింది.