లూసియానా మార్ష్‌లో ఫ్లై రాడ్‌తో బుల్ రెడ్‌ఫిష్ – నా అనుభవం

రెడ్‌ఫిష్ అసలు పేరు రెడ్ డ్రమ్. మన కచిడి ఉంది కదా, అంతర్వేది దగ్గరో కాకినాడ దగ్గరో వలలో పడితే లక్షల్లో అమ్ముడుపోయిందని పేపర్లో వేస్తారు, ఆ కచిడి, ఇదీ ఒకే కుటుంబం. మగ చేప గాలి తిత్తి పక్కన ఉండే కండరాలతో డప్పు కొట్టినట్టు శబ్దం చేస్తుంది, అందుకే డ్రమ్ అన్నారు. బుల్ రెడ్ అంటే బాగా ఎదిగిన పెద్దది. చిన్నప్పుడంతా మార్ష్ పాయల్లోనే పెరుగుతుంది (మార్ష్ అంటే సముద్రం అంచున గడ్డి పెరిగే చిత్తడి నేల), మూడు నాలుగేళ్ళకి గుడ్లు పెట్టే వయసు వచ్చాక గల్ఫ్‌లోకి, అంటే గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రంలోకి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత 40 ఏళ్ళ దాకా బతకగలదు. అంత పెద్ద చేప మామూలుగా లోతు నీళ్ళలోనే ఉంటుంది గానీ లూసియానాలో అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈ పెద్దవి మార్ష్ అంచుల్లోకి వచ్చి, మోకాలి లోతు నీళ్ళలో పీతలు వెతుక్కుంటూ తిరుగుతాయి. 20, 30 పౌండ్ల చేప మన కళ్ళ ముందు ఈదుతుంటే దాన్ని చూసి దాని ముందు ఫ్లై, అంటే ఈకలతో కట్టిన ఎర, వెయ్యడం అన్నమాట. నేను ఉండేది హ్యూస్టన్‌లో, ఐ-10 హైవే మీద ఐదారు గంటలు డ్రైవ్ చేస్తే న్యూ ఆర్లీన్స్, అక్కడి నుంచి ఇంకో గంట వెళ్తే హోప్‌డేల్, షెల్ బీచ్, డెలక్రోయ్ లాంటి చిన్న ఊళ్ళు, రోడ్డు అక్కడితో అయిపోతుంది. ఇంత దగ్గర్లో పెట్టుకుని ఇన్నాళ్ళూ వెళ్ళలేదే అని చాలాకాలంగా మనసులో ఉంది.

గైడ్ లేకుండా వెళ్ళొచ్చా అంటే సొంత బోటు, ఆ పాయల మీద పట్టు ఉంటే వెళ్ళొచ్చు, కొత్తవాళ్ళకి మాత్రం కుదరదు. పై నుంచి చూస్తే అంతా ఒకేలా ఉండే గడ్డి, మధ్యలో వేల పాయలు, అడుగున ఆలుచిప్పల దిబ్బలు, బోటు వాటికి తగిలిందంటే అంతే. ఫ్లై గైడ్ రోజుకి 700, 800 డాలర్ల దగ్గర తీసుకుంటాడు, బోటులో ఇద్దరు ఎక్కొచ్చు, ముందు నిలబడి వేసేది మాత్రం ఒక్కరే, మార్చి మార్చి వెయ్యాలి. మా తోడల్లుడికి కూడా చేపల పిచ్చి, ఆయన డాలస్ నుంచి వస్తానన్నారు, ఖర్చు సగం సగం అయింది.

నవంబర్ మొదట్లో డేట్ తీసుకున్నాం. వెళ్ళే ముందు రోజు సాయంత్రం కెప్టెన్, అంటే మా గైడే, ఫోన్ చేసి రేపు వద్దు, గంటకి 25 మైళ్ళ గాలి ఉంది, ఆకాశమంతా మబ్బు, మీ డబ్బులు తీసుకుని నేను ఊరికే తిప్పలేను అన్నాడు. బాధేసింది గానీ అలా చెప్పే మనిషి దొరకడం మంచిదే అనుకున్నాం. ఇక్కడ గాలి సంగతి కొంచెం చెప్పాలి. లూసియానా తీరంలో పోటు పాటు మన దగ్గరలా రోజుకి రెండుసార్లు కాదు, ఎక్కువగా ఒక్కసారే, అదీ మామూలుగా ఒక అడుగు అటూ ఇటూ. అందుకని నీటిమట్టాన్ని చంద్రుడి కంటే గాలే ఎక్కువ నడిపిస్తుంది. చలిగాలి ఫ్రంట్ వచ్చి ఉత్తరం నుంచి కొడితే మార్ష్‌లో నీళ్ళు గల్ఫ్‌లోకి పోతాయి, మట్టం బాగా పడిపోతుంది, గాలి ఆగాక రెండు మూడు రోజుల్లో బురద అడుక్కి దిగి నీళ్ళు తేటపడతాయి, చేపలు కనిపిస్తాయి. అంటే మనల్ని ఇంట్లో కూర్చోబెట్టిన గాలే తర్వాత మంచి ఫిషింగ్ ఇస్తుంది. మాకు అదే జరిగింది, ఫ్రంట్ దాటాక కెప్టెన్ ఇచ్చిన రోజులకి వెళ్ళాం.

ఆ మధ్యలో దొరికిన టైమంతా కాస్టింగ్ ప్రాక్టీస్‌కి పెట్టాను, నన్నడిగితే మొత్తం ట్రిప్ అక్కడే గెలుస్తారు. మామూలు గాలంలో ఎర బరువుకి దారం వెళ్తుంది, ఫ్లైలో ఈకలు, వెంట్రుకలు కట్టిన కొక్కేనికి బరువు పెద్దగా ఉండదు, లైనే బరువుగా ఉంటుంది, రాడ్‌ని వంచి ఆ లైన్‌ని గాల్లో వెనక్కి ముందుకి చాచి వదలాలి. యూట్యూబ్‌లో చూస్తే అందరూ 80 అడుగులు, 90 అడుగులు అంటారు. మార్ష్‌లో అది అక్కర్లేదండి. కెప్టెన్ ఫోన్‌లోనే స్పష్టంగా చెప్పాడు, 40 అడుగులు చాలు, కానీ ఒకటి రెండు ఊపుల్లో వెళ్ళిపోవాలి, గాలికి ఎదురుగా కూడా వెళ్ళాలి, నేను చూపించిన చోట పడాలి అని. నేను మా కాలనీ పార్కులో హులా హూప్ రింగు పడేసి, దానికి ఎదురుగాలి వచ్చేలా నిలబడి, లైన్ కాళ్ళ దగ్గర వదులుగా పెట్టుకుని, ఫ్లై చేతిలో పట్టుకుని, నాకు నేనే గడియారం ముల్లు చెప్పుకుని (బోటులో చేప ఏ దిక్కున ఉందో అలాగే చెప్తారు) వేసేవాణ్ణి. గాలి కుడివైపు నుంచి వస్తే కుడిచేత్తో వేసేవాళ్ళకి కొక్కెం ఒంటి మీదకి వస్తుంది, అలాంటప్పుడు వీపు చేప వైపు పెట్టి బ్యాక్‌కాస్ట్‌లోనే ఫ్లై వదలాలి, ఇది కూడా ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్ళండి. ఎడమచేత్తో లైన్ గుంజే డబుల్ హాల్ వస్తే ఎదురుగాలి సగం బాధ పోతుంది.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తొమ్మిదో పదో వెయిట్ రాడ్ (అంకె పెరిగేకొద్దీ బరువైన లైన్‌కి సరిపోయే రాడ్), మంచి డ్రాగ్, అంటే బ్రేకు, ఉన్న రీలు, నీళ్ళ మీద తేలే ఫ్లోటింగ్ లైన్, దాని చివర 20 పౌండ్ల పైన బరువు ఆపే లీడర్ అనే సన్న దారం. ఫ్లైలు పీత లాంటివి, క్లౌజర్ మిన్నో లాంటి చిన్న చేపల్లా ఉండేవి, అన్నీ కెప్టెనే ఇచ్చాడు. మీరు తప్పకుండా కొనాల్సింది పోలరైజ్డ్ కళ్ళజోడు, రాగిరంగు అద్దాలది. అది లేకపోతే నీళ్ళ మీద మెరుపు తప్ప ఏమీ కనపడదు.

పొద్దున్నే హోప్‌డేల్‌లో బోటు ఎక్కాం, చలి బాగానే ఉంది. కాసేపటికి ఎంఆర్‌జీఓ అనే పెద్ద కాలవ దాటాం. న్యూ ఆర్లీన్స్‌కి ఓడలు దగ్గర దారిలో రావాలని 1960ల్లో తవ్వి పూర్తి చేసిన షిప్పింగ్ కెనాల్ అది. ఓడలు అనుకున్నంత రాలేదు గానీ ఉప్పునీళ్ళు మాత్రం లోపలికి వచ్చాయి, సైప్రస్ చెట్ల అడవులు చచ్చిపోయాయి, ఒడ్డు తెగి కాలవ వెడల్పు ఎన్నో రెట్లు పెరిగింది, 2005 కత్రినా తుఫానులో ఈ ప్రాంతం ఎంత పోయిందో అందరికీ తెలుసు. 2009లో రాళ్ళు పోసి దాన్ని మూసేశారు. ఎండి తెల్లబడిన చెట్ల మోళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. లూసియానా 1932 నుంచి 2010 లోపు 1,800 చదరపు మైళ్ళకి పైగా భూమి పోగొట్టుకుంది. మిసిసిపీకి రెండువైపులా కరకట్టలు కట్టేసరికి ఒండ్రు మార్ష్‌లోకి రావడం ఆగిపోయింది, ఆయిల్ కంపెనీల కాలవలు, తుఫాన్లు దానికి తోడయ్యాయి. కెప్టెన్ ఒక చోట ఇంజిన్ ఆపి నా చిన్నప్పుడు ఇక్కడ గడ్డి ఉండేది అని చూపించాడు, చుట్టూ అన్నీ నీళ్ళే. గోదావరి లంకలు కోసుకుపోవడం చూసి పెరిగినవాణ్ణి, నాకు అది వేరే దేశం సంగతిలా అనిపించలేదు.

ఫిషింగ్ ఎలా ఉంటుందంటే, ఇంజిన్ పైకెత్తేసి కెప్టెన్ వెనక ప్లాట్‌ఫామ్ ఎక్కి పొడుగు గెడతో బోటుని చప్పుడు లేకుండా తోస్తాడు, మనం ముందు నిలబడతాం. బోటు ముక్కు పన్నెండు గంటలు. ఎడమవైపు కొంచెం అంటే పదకొండు. పది గంటలకి, 50 అడుగులు, ఎడమకి పోతోంది అంటాడు, ముందు రాడ్‌తో అటు చూపించాలి, ఇంకా ఎడమకి, ఇంకా, ఆ అక్కడే అంటాడు, అప్పుడు మనకి కనపడుతుంది. మాకు మొదట్లో చేప కనపడలేదు, నీడే కనపడింది, కొంతసేపయ్యాక కళ్ళు అలవాటు పడ్డాయి. చేప ఆకారం కోసం చూడకండి, రంగు కోసం చూడండి. ఎండ పడితే నీళ్ళలో రాగిరంగు తేలుతుంది, తోక అంచున నీలం కనిపిస్తుంది.

మొదటి చేప మా తోడల్లుడికి పడింది, చిన్నదే, ఐదారు పౌండ్లు, అది కూడా రీలు గిర్రుమనేలా లాగింది. తర్వాత నా వంతు. ఒక పాయ మలుపులో గడ్డి అంచుకి సమాంతరంగా ఒకటి వస్తోంది, తొందరేం లేదు దానికి, తల కిందకి పెట్టి అడుగు వెతుక్కుంటూ వస్తోంది, వెనక బురద చిన్న పొగలా లేస్తోంది. పదకొండున్నర, 40 అడుగులు, వెయ్ అన్నాడు. ఒక ఊపు, రెండో ఊపుకి వదిలేశాను, ఫ్లై దాని దారికి కొంచెం అవతల, మూతికి రెండు అడుగులు ముందు పడింది. రెడ్‌ఫిష్ నోరు కిందివైపు ఉంటుంది, ముందున్నదాన్ని, కిందున్నదాన్ని తింటుంది, వెనక పడితే చూడదు, నెత్తిన పడితే పారిపోతుంది. కొంచెం లాగు, ఆపు, ఇంకొంచెం లాగు అంటున్నాడు కెప్టెన్. చేప దారి మార్చి ఫ్లై వెనక వచ్చింది, మొప్పలు విచ్చుకున్నాయి, నోరు తెల్లగా తెరుచుకోవడం కనిపించింది. ఇక్కడ రాడ్ పైకి ఎత్తకూడదు, ట్రౌట్ పట్టేవాళ్ళకి అది చెయ్యి అలవాటు, ఎత్తితే కొక్కెం నోట్లోంచి జారిపోతుంది. రాడ్ నీళ్ళ వైపే పెట్టి ఎడమచేత్తో లైన్‌ని గట్టిగా గుంజాలి. గుంజాను, రాయిలా ఆగింది, ఆ మరుక్షణం పరుగు. కింద పడున్న లైనంతా పాములా లేచి రాడ్ మీదుండే రింగుల్లోంచి వెళ్ళిపోతుంటే ఆ కొన్ని క్షణాలు చేప వైపు కాదు, కాళ్ళ దగ్గర లైన్ వైపు చూడాలి, పాదం కింద ఉంటే తెగుతుంది. ఆ తర్వాత అంతా రీలే. బ్యాకింగ్, అంటే లైన్ వెనక చుట్టి ఉంచే అదనపు దారం, దాకా లాగింది, కెప్టెన్ గెడతో వెనకే తోసుకుంటూ వచ్చాడు, రెండుసార్లు బోటు దాకా వచ్చి మమ్మల్ని చూసి మళ్ళీ వెళ్ళింది, చివరికి వలలోకి వచ్చింది.

30 పౌండ్లకి కొంచెం తక్కువ. పొలుసు ఒక్కొక్కటి పెద్ద నాణెం అంత, వీపు రాగి, పొట్ట తెలుపు, తోక మొదట్లో కాటుక బొట్టు. కొన్నింటికి రెండు మూడు ఉంటాయి, దీనికి ఒక వైపు ఒకటి, ఇంకో వైపు రెండు. ఫొటో కోసం దవడ పట్టుకుని వేలాడదీయొద్దు అన్నాడు కెప్టెన్, అంత బరువుకి లోపల దెబ్బ తింటుంది, ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి తోక మొదట్లో, అడ్డంగా, అదీ ఊపిరి బిగపట్టినంత సేపే. తర్వాత నీళ్ళలో పెట్టి తోక పట్టుకుని ఉన్నాను, మొప్పలు నిదానంగా ఆడాయి, తనే నా చెయ్యి విదిలించుకుని వెళ్ళింది.

అంత చేపని వదిలేశావా, పులుసు పెట్టుకోవచ్చు కదా అని ఇంట్లోవాళ్ళు ఫోన్‌లో అడిగారు. ఒకటి, చట్టం ఒప్పుకోదు. లూసియానాలో 2024 జూన్ నుంచి 18 నుంచి 27 అంగుళాల మధ్యవే ఉంచుకోవాలి, మనిషికి రోజుకి నాలుగు, 27 దాటిన ఒక్కటి కూడా ఉంచుకోకూడదు, అంతకుముందు ఐదు చేపలు, అందులో పెద్దది ఒకటి ఒప్పుకునేవాళ్ళు. రెండోది నాకు ఇంకా ముఖ్యం. 1980ల మొదట్లో న్యూ ఆర్లీన్స్‌లో పాల్ ప్రుధోమ్ అనే షెఫ్ చేసిన బ్లాకెన్డ్ రెడ్‌ఫిష్ దేశమంతా పాకింది, మసాలా దట్టంగా పట్టించి పొగలు కక్కే పెనం మీద కాల్చేది. గిరాకీకి గల్ఫ్‌లో విమానాల్లోంచి గుంపులు చూసి, పెద్ద వలలతో చుట్టేసి, గుడ్లు పెట్టే చేపల్నే టన్నులకొద్దీ ఎత్తేశారు. దశాబ్దం చివరికి వచ్చేసరికి తీరానికి దూరంగా ఉండే ఫెడరల్ నీళ్ళలో (కేంద్ర ప్రభుత్వం కింద ఉండేవి) పట్టడం మూసేశారు, అది ఇప్పటికీ మూసే ఉంది, లూసియానా 1988లో వ్యాపారానికి పట్టడం ఆపేసింది. ఇప్పుడు హోటల్లో తినే రెడ్‌ఫిష్ ఎక్కువగా చెరువుల్లో పెంచిందే. నా చేతిలో ఉన్నది ఎన్నేళ్ళదో, ఎన్నిసార్లు గుడ్లు పెట్టిందో, దాన్ని నరికి ఐస్‌లో పెట్టడానికి నాకు మనసు రాదు. తినాలంటే ఆ 18, 27 మధ్యది ఒకటి ఉంచుకోండి, రుచి కూడా చిన్నదే బాగుంటుంది, మేము ఒకటి తెచ్చుకుని అల్లం వెల్లుల్లి, కారం పట్టించి వేపుడు చేశాం.

వెళ్ళాలనుకునేవాళ్ళు బుక్ చేసేముందు గైడ్‌ని ఇవి అడగండి. గెడతో తోసే బోటేనా, ఫ్లై రాడ్లు తన దగ్గర ఉన్నాయా, గాలి వల్ల ఆగిపోతే అడ్వాన్స్ వేరే డేట్‌కి మారుస్తాడా. లైసెన్స్ కూడా ఏది కావాలో తననే అడగండి, గైడ్‌తో వెళ్ళేవాళ్ళకి ఛార్టర్ ప్యాసింజర్ లైసెన్స్ అని వేరే ఉంది, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. టిప్పు 20 శాతం దాకా ఇస్తారు, రోజంతా గెడ వేసిన మనిషికి అది న్యాయమే. వరసగా రెండు మూడు రోజులు తీసుకోండి, ఒక్కరోజే పెట్టుకుంటే ఆ రోజు మబ్బు పట్టిందంటే అంతదూరం వెళ్ళింది దండగ. మేము మళ్ళీ జనవరికి అడిగాం, చలి ఎక్కువైనా నీళ్ళు ఇంకా తేటగా ఉంటాయి అన్నాడు కెప్టెన్, అడ్వాన్స్ కట్టేశాం, మా తోడల్లుడు ఇప్పుడు డాలస్‌లో వాళ్ళ పెరట్లో బ్యాక్‌కాస్ట్ ప్రాక్టీస్ చేస్తున్నారు.