ఖాళీ హాల్లో అందరికీ వినిపించింది

షో నడిపేటప్పుడు కెమెరావాళ్లు, స్టేజ్‌వాళ్లు అందరం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి పెట్టుకునే వైర్‌లెస్ హెడ్‌సెట్లను మధ్యాహ్నం చెక్ చేసుకున్నప్పుడు ఒక్క మాట కూడా తెగలేదు. హాలు చివరి వరకు నడిచి మాట్లాడి చూశాం, తలుపు వేసుకుని కూడా చూశాం. సాయంత్రం జనం వచ్చి కూర్చున్నాక మూడో కెమెరా అతనితో లైన్ పోయింది. మనిషి నా కళ్లెదుటే ఉన్నాడు, నేను "త్రీ, ఎడమవైపు తిరుగు" అంటుంటే అతనికి "త్రీ... వైపు" అని మాత్రం వినిపిస్తోందట. ఎటు తిరగాలో తెలియక ఉన్న ఫ్రేమ్‌నే పట్టుకుని కూర్చున్నాడు పాపం. ఆ షో ఎలాగో గట్టెక్కిందనుకోండి.

అప్పటి మా హెడ్‌సెట్ల సెట్టు పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల్లో. వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే ఉంటాయి. 2.4లో వైఫైకి ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు మామూలుగా మూడే, 1, 6, 11. హాలు నిండిందంటే ప్రతి జేబులోనూ ఒక ఫోన్ వచ్చినట్టే. దానికి తోడు మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి, అడ్డంగా కూర్చున్న మనుషులే సిగ్నల్‌ని కొంత మింగేస్తారు. డబ్బా మీద రాసే దూరం ఏ అడ్డూ లేని ఖాళీ మైదానంలో లెక్క, అది చూసి కొనడం నేను చేసిన మొదటి తప్పు.

తర్వాత డెక్ట్ రకానికి మారాం. ఇంట్లో వాడే కార్డ్‌లెస్ ఫోన్ల కోసం వచ్చిన పద్ధతే ఇది, 1.9 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, వైఫై గొడవ అక్కడ లేదు, ఒక ఛానెల్లో రద్దీ ఉంటే దానంతటదే ఖాళీగా ఉన్నదానికి మారుతుంది. అలాగని అక్షయపాత్రేం కాదు, ఒకే చోట ఇలాంటి సెట్లు ఎక్కువైతే ఇక్కడా చోటు చాలదు. ఇంకోటి, యూరప్‌లో దీనికి 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ ఇస్తే అమెరికాలో 1920 నుంచి 1930 ఇచ్చారు, కాబట్టి వేరే దేశం మోడల్ చవకగా దొరికిందని తెచ్చుకోకండి, మీరున్న చోట దానికి అనుమతి ఉండకపోవచ్చు.

వాకీటాకీలు చాలవా అని చాలామంది అడుగుతారు. సామాన్లు మోసేవాళ్లకీ, గేటు దగ్గరున్నవాళ్లకీ చాలు. కెమెరా మీద రెండు చేతులూ ఉన్నవాడు బటన్ ఎలా నొక్కుతాడు? పైగా వాకీటాకీలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు నోరు మూసుకోవాల్సిందే, సరిగ్గా "ఆగు" అని అరవాల్సిన క్షణంలో లైను ఖాళీ ఉండదు. ఫోన్‌లో లాగా ఇద్దరూ ఒకేసారి మాట్లాడగలిగే ఫుల్ డూప్లెక్స్ కావాలనేది అందుకే. కానీ ఎనిమిది మైకులు తెరిచి ఉంటే ఎనిమిది మంది ఊపిరీ, దగ్గూ మీ చెవిలోనే! మైకు కాడ పైకెత్తగానే మ్యూట్ అయ్యే హెడ్‌సెట్లు ఉంటాయి, అవే తీసుకోండి. అసలు కొనేముందు ఎవరు మాట్లాడాలి, ఎవరు వింటే సరిపోతుంది అని కాగితం మీద రాసుకుంటే సగం సెట్లు అక్కర్లేదని తేలుతుంది. మాకు అలాగే తేలింది, కాకపోతే కొన్నాక.

స్పీకర్ల పక్కన నిలబడేవాళ్లకి రెండు చెవులూ మూసేది ఇవ్వండి. స్టేజ్ పక్కనున్నవాళ్లకి ఒంటిచెవిదే మేలు, పక్కవాళ్లు పిలిచినా వినపడాలి కదా. బ్యాటరీ ఊడదీసి మార్చుకునేలా ఉండాలి, ఎందుకంటే షో రెండు గంటలే అయినా హెడ్‌సెట్ పొద్దున రిహార్సల్ నుంచీ తల మీదే ఉంటుంది.

చిన్న సెట్లలో హెడ్‌సెట్లన్నిటినీ కలిపే పెట్టె, అంటే బేస్, విడిగా ఉండదు, ఒక హెడ్‌సెట్టే మాస్టర్‌గా ఉండి మిగతావన్నీ దానికి కలుస్తాయి. అది పెట్టుకున్న పెద్దమనిషి ఫోన్ మాట్లాడ్డానికి బయటికి నడిచాడా, అందరి లైనూ పోయినట్టే. మాస్టర్‌ని కుర్చీలోంచి లేవని మనిషికే ఇస్తున్నాం ఇప్పుడు. బేస్ ఉన్న సెట్టయితే దాన్ని బల్ల కింద కాకుండా జనం తలలకన్నా ఎత్తులో పెట్టండి. మధ్యాహ్నం చెక్ అయినా సరే, హాలు నిండాక మేం మళ్లీ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాం, మూడో కెమెరాతో మొదలుపెట్టి.